ఏడేళ్ల కాంట్రాక్టు పాత హాలీవుడ్ తారలను పెంచిందా, ముంచిందా?

ప్రశ్న: "1930, 40లలో హాలీవుడ్ స్టూడియోలు నటీనటులను ఏడేళ్ల కాంట్రాక్టులతో కట్టిపడేసేవట. దానివల్ల వాళ్ల కెరీర్లు బాగుపడ్డాయా, పాడయ్యాయా? బెట్టీ డేవిస్ లాంటివాళ్లు కోర్టుకు కూడా వెళ్లారని విన్నాను. తెలిసినవాళ్లు వివరంగా చెప్తారా?"

నా జవాబు ముందే చెప్పేస్తాను. మొదటి మూడు నాలుగేళ్లు పెంచింది, తర్వాత ముంచింది. మునగకుండా బయటపడ్డవాళ్లందరూ ఏదో ఒక దారిలో "ఈ వేషం నేను వెయ్యను" అనగలిగే హక్కు సంపాదించుకున్నవాళ్లే. కొందరు కోర్టుకెక్కి సంపాదించారు, కొందరు డబ్బు పెట్టి కొనుక్కున్నారు, కొందరు అసలు సంతకమే పెట్టలేదు. అందం, నటన, అదృష్టం ఇవన్నీ ఆ తర్వాతే.

నేను వృత్తిరీత్యా వకీలును. ఒప్పందాలు రాయడం, ఎవరో రాసినవాటిలో బొక్కలు వెతకడం నా పని. పాత ఇంగ్లీషు సినిమాలు నా పిచ్చి. తొంభైల చివర్లో కేబుల్ టీవీ ఉన్నవాళ్లకు గుర్తుండే ఉంటుంది, పగలంతా కార్టూన్లు వేసే ఛానల్ రాత్రయ్యేసరికి టీఎన్‌టీగా మారిపోయి పాత హాలీవుడ్ సినిమాలు వేసేది. ఇంట్లోవాళ్లు పడుకున్నాక వాల్యూమ్ తగ్గించి చూసేవాణ్ణి. ఆ తర్వాత లా కాలేజీలో ఒప్పందాల చట్టం పాఠంలో "వార్నర్ బ్రదర్స్ వర్సెస్ నెల్సన్" అని ఒక కేసు వచ్చింది. ఆ నెల్సన్ ఎవరో కాదు, బెట్టీ డేవిసే. అది అప్పటి ఆమె భర్త ఇంటిపేరు. ఈ రెండు పిచ్చులూ అక్కడే కలిశాయి.

కాంట్రాక్టు ఎలా ఉండేదో తెలిస్తేగానీ మిగతాది అర్థం కాదు. ఏడేళ్లంటే ఏడేళ్లు ఉద్యోగం ఖాయమని కాదు. ఆర్నెల్లకో ఏడాదికో ఒకసారి స్టూడియో "కొనసాగిస్తాం" అనొచ్చు, "వెళ్లిపో" అనొచ్చు. నటికి మాత్రం మధ్యలో వెళ్లిపోయే హక్కు లేదు. ఏడాదిలో నలభై వారాలకే జీతం, మిగతా పన్నెండు వారాలు చేతికి ఏమీ రాదు, అలాగని వేరే చోట పని చేయడానికీ లేదు. ఏ సినిమా, ఏ వేషం, ఏ దర్శకుడు అన్నది స్టూడియో ఇష్టం. పేరు మార్చేవారు, పుట్టిన ఊరు మార్చేవారు, పళ్లు సరిచేయించేవారు. ఇంకో స్టూడియోకు అద్దెకిచ్చి, తాము ఇచ్చే జీతం కన్నా ఎక్కువ వసూలు చేసుకుని ఆ తేడా జేబులో వేసుకునేవారు.

అన్నిటికన్నా ఘోరమైనది సస్పెన్షన్. ఇచ్చిన వేషం వద్దంటే జీతం ఆపేస్తారు. అంతటితో ఆగదు. ఆ వేషం వేరేవాళ్లు వేసి సినిమా పూర్తయ్యే దాకా ఎన్ని వారాలు పడితే అన్ని వారాలు కాంట్రాక్టు చివర తగిలిస్తారు. అంటే వద్దన్న ప్రతిసారీ కాంట్రాక్టు నుంచి బయటపడే తేదీ ఇంకా దూరం జరుగుతూనే ఉంటుంది. ఏడేళ్లు కాస్తా ఎనిమిదవుతాయి, తొమ్మిదవుతాయి. ఇలాంటి క్లాజు రాసిన వకీలు ఎవరో గానీ, మా వృత్తిలో అలాంటివాళ్లను చూసి మెచ్చుకోవాలో తిట్టాలో తెలియదు.

నెల జీతం మీద నటులను పెట్టుకోవడం మనకూ తెలియనిది కాదు. పాతాళభైరవి రోజుల్లో విజయావాళ్లు ఎన్టీఆర్‌ను అలాగే పెట్టుకున్నారని మన సినిమా చరిత్రల్లో చదివే ఉంటారు. కానీ వద్దన్నందుకు ఒప్పందమే పొడుగైపోయే ఏర్పాటు హాలీవుడ్ ప్రత్యేకత.

ఇప్పుడు బెట్టీ డేవిస్. 1932 నుంచి ఆమె వార్నర్ బ్రదర్స్ స్టూడియోలో ఉంది. ఆమె ఏమిటో లోకానికి తెలిసింది మాత్రం 1934లో, ఆర్‌కేఓ అనే ఇంకో స్టూడియోకు అద్దెకు వెళ్లి చేసిన 'ఆఫ్ హ్యూమన్ బాండేజ్' సినిమాతో. మరుసటి ఏడాది 'డేంజరస్'కు ఆస్కార్ వచ్చింది. ఆస్కార్ వచ్చాక మంచి వేషాలు వస్తాయనుకుంటాం కదా. వార్నర్‌వాళ్లు కలప కొట్టే అడవి నేపథ్యంలో ఒక మామూలు కథ చేతిలో పెట్టారు. ఆమె వద్దంది. సస్పెండ్ చేశారు. 1936లో ఆమె ఇంగ్లండ్ వెళ్లి అక్కడి నిర్మాత లూడోవికో టోప్లిట్జ్‌కు సినిమాలు చేయడానికి ఒప్పుకుంది. వార్నర్‌వాళ్లు లండన్ కోర్టులో దావా వేశారు.

వార్నర్ తరఫున వాదించింది సర్ పాట్రిక్ హేస్టింగ్స్, ఆ రోజుల్లో లండన్‌లో పేరుమోసిన న్యాయవాది. ఇంకా డబ్బు కావాలని మారాం చేస్తున్న అల్లరి పిల్ల అన్నట్టు ఆమెను చూపించాడు. ఇది బానిసత్వమని ఆమె తరఫువాళ్లు అంటే, వారానికి అంత జీతమిస్తే ఆ బానిసత్వానికి నేనూ సిద్ధమే అన్నట్టు చమత్కరించాడు. అప్పటికి ఆమె జీతం వారానికి 1,350 డాలర్ల దాకా ఉండేది. ప్రపంచమంతా ఉద్యోగాలు పోయి అల్లాడుతున్న కాలం అది. కోర్టులో సానుభూతి ఎటు ఉంటుందో చెప్పక్కర్లేదు.

తీర్పు మాత్రం చట్టం చదివినవాళ్లకు చాలా ఆసక్తిగా ఉంటుంది. ఒక మనిషిని బలవంతంగా ఫలానా యజమాని దగ్గర పని చేయమని ఏ కోర్టూ ఆదేశించదు. కానీ "ఇంకెవరి దగ్గరా నటించను" అని ఆమె రాసిచ్చిన మాటను నిలబెట్టమని ఆదేశించొచ్చు. వెళ్లి వార్నర్‌కే నటించమని జడ్జి అనలేదు, వేరేవాళ్లకు నటించొద్దన్నాడు. నటించకుండా ఉండిపోతే ఆకలితో చస్తుందా అంటే, తెలివైన మనిషి కాబట్టి ఇంకేదైనా పని చేసుకుని బతకగలదు, కాకపోతే అంత సంపాదన ఉండదు అని తేల్చాడు. ఇంగ్లండ్‌లో మూడేళ్లు గానీ కాంట్రాక్టు ముగిసేదాకా గానీ, రెండిట్లో ఏది తక్కువైతే అంతకాలం నిషేధం. మన స్పెసిఫిక్ రిలీఫ్ చట్టంలో 42వ సెక్షన్ చెప్పేటప్పుడు ఈ కేసు ఇప్పటికీ పాఠంలో వస్తుంది. బాండ్ రాసిచ్చి ఉద్యోగంలో చేరిన పిల్లలు నా దగ్గరికి వచ్చినప్పుడు బెట్టీ డేవిస్ కథ చెప్తుంటాను. ఫీజు తగ్గించమని అడగడం కొంచెం ఆలస్యమవుతుంది.

ఓడిపోయి, అప్పులతో అమెరికా తిరిగొచ్చింది. కెరీర్ అయిపోయిందనుకోవాలి కదా? అసలు ఆమె గొప్ప సినిమాలన్నీ ఆ తర్వాతివే. 1938లో విలియం వైలర్ దర్శకత్వంలో 'జెజెబెల్', దానికి రెండో ఆస్కార్. ఆ ఏడాది మొదలుకొని 1942 దాకా వరుసగా ఐదేళ్లు ఉత్తమ నటి నామినేషన్. 'డార్క్ విక్టరీ', 'ది లెటర్', 'నౌ, వోయేజర్' అన్నీ అప్పటివే.

దీన్ని చూపించి "చూశారా, స్టూడియోనే ఆమెను నిలబెట్టింది" అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. స్టూడియో అదే, కాంట్రాక్టు అదే, మనిషీ అదే. మారిందల్లా ఒకటి: ఈవిడ చెత్త వేషం ఇస్తే సముద్రం దాటి వెళ్లి లండన్‌లో కేసు దాకా తెచ్చుకుంటుందని వాళ్లకు తెలిసింది. గెలిచిన పార్టీ కూడా కొన్నిసార్లు ఇంకో కేసంటే భయపడుతుంది. ఇది నా వృత్తిలో కళ్లారా చూసిన సంగతే.

ఆమె ఓడినచోట గెలిచింది ఒలివియా డి హావిలాండ్. తెలుగువాళ్లలో చాలామందికి ఆమె 'గాన్ విత్ ది విండ్'లో మెలనీగానే తెలుసు. ఆ వేషం కూడా ఊరికే రాలేదు. ఆ సినిమా నిర్మాత సెల్జ్‌నిక్ అడిగితే, వార్నర్ బ్రదర్స్ అధిపతి జాక్ వార్నర్ ఆమెను ఇవ్వనన్నాడు. ఒలివియా వెళ్లి జాక్ వార్నర్ భార్యను పట్టుకుంది. ఇంటి దారిలో నరుక్కొచ్చిందన్నమాట.

మీకు ఒక పని చెప్తాను. ఆమె సినిమాలను ఏడాదుల వరుసలో చూడండి. నేను అలాగే చూశాను. కాంట్రాక్టు కాగితం మీద కన్నా తెర మీదే స్పష్టంగా కనబడుతుంది. 1935 నుంచి 1941 దాకా ఎరాల్ ఫ్లిన్ పక్కన ఎనిమిది సినిమాలు. అతను కత్తి తిప్పుతాడు, గుర్రమెక్కుతాడు, ఈమె కిటికీలోంచి చూస్తుంది. 'ది అడ్వెంచర్స్ ఆఫ్ రాబిన్ హుడ్' నాకిష్టమైన సినిమానే, కానీ ఆమెకు అందులో చేయడానికి ఏముంది? ఇప్పుడు ఆస్కార్ లెక్క చూడండి. ఆమెకు మొత్తం ఐదు నామినేషన్లు. ఐదిట్లో ఒక్కటి కూడా వార్నర్ సినిమాకు కాదు. మొదటి రెండూ అద్దెకు వెళ్లి చేసినవాటికి, చివరి మూడూ బయటపడ్డాక చేసినవాటికి. అన్నేళ్లు జీతమిచ్చిన కంపెనీకి తమ దగ్గరున్నది ఎవరో తెలియదు. ఇంతకన్నా సాక్ష్యం నాకు అక్కర్లేదు.

1943లో ఆమె ఏడేళ్లూ పూర్తయ్యాయి. వేషాలు వద్దన్నందుకు పడిన సస్పెన్షన్ల కాలం దాదాపు ఆర్నెల్లు ఇంకా బాకీ ఉందన్నారు. మార్టిన్ గ్యాంగ్ అనే లాయరు ఆమెకు కాలిఫోర్నియా కార్మిక చట్టంలో ఒక మూల ఉన్న నిబంధన చూపించాడు. వ్యక్తిగత సేవల ఒప్పందాన్ని ఏడేళ్లకు మించి అమలు చేయడానికి వీల్లేదని అందులో ఉంది. ఏడేళ్లంటే పని చేసిన ఏడేళ్లని స్టూడియో వాదన. కాదు, క్యాలెండర్‌లో ఏడేళ్లని ఈమె వాదన. 1944లో కింది కోర్టు, అదే ఏడాది డిసెంబరులో అప్పీలు కోర్టు ఆమె పక్షమే అన్నాయి. పని చేసేవాళ్ల రక్షణ కోసం పెట్టిన హక్కును వాళ్లు ముందుగా సంతకం పెట్టి వదులుకున్నా చెల్లదని కూడా చెప్పారు. నన్నడిగితే తీర్పులో అసలు బలం ఈ మాటలోనే ఉంది. లేకపోతే ప్రతి కాంట్రాక్టులోనూ "ఆ చట్టం మాకు వర్తించదు" అని ఒక లైను చేర్చి చేతులు దులుపుకునేవాళ్లు.

గెలుపు ఉచితంగా రాలేదు. ఆమెను తీసుకోవద్దని జాక్ వార్నర్ మిగతా స్టూడియోలన్నిటికీ ఉత్తరాలు రాశాడు. ఆమె సినిమాల జాబితాలో 1944, 45 ఏళ్లు ఖాళీగా కనబడడానికి కారణమదే. ఆ రోజుల్లో సైనిక ఆసుపత్రులు తిరిగి గాయపడ్డ సైనికులను పలకరిస్తూ గడిపింది. 1946లో పారమౌంట్‌కు చేసిన 'టు ఈచ్ హిజ్ ఓన్' ఆస్కార్ తెచ్చింది, 1949లో 'ది హెయిరెస్' రెండోది. ఆ తీర్పును ఇప్పటికీ డి హావిలాండ్ లా అనే పిలుస్తారు. ఆమె పారిస్‌లో స్థిరపడి, 2020లో 104 ఏళ్ల వయసులో పోయింది. జాక్ వార్నర్ 1978లోనే పోయాడు. ఈ లెక్క చెప్పుకుంటే నాకెందుకో తృప్తిగా ఉంటుంది.

జేమ్స్ కాగ్నీ వీళ్లిద్దరికన్నా ముందే వార్నర్ మీదికి వెళ్లాడు. ఏడాదికి నాలుగు సినిమాలన్న మాట తప్పి ఎక్కువ చేయించుకున్నారని, తన పేరును ఇంకొకరి పేరు కింద వేశారని దావా వేసి 1936లో గెలిచాడు. ఒక చిన్న కంపెనీకి రెండు సినిమాలు చేసి, మంచి షరతులతో మళ్లీ అదే గూటికి చేరాడు.

కోర్టు గొడవ లేకుండా తప్పించుకున్నవాళ్లలో నాకు నచ్చింది కేరీ గ్రాంట్. 1936లో పారమౌంట్ కాంట్రాక్టు అయిపోయాక కొత్తగా ఏ ఒక్క స్టూడియోకూ పూర్తిగా కట్టుబడలేదు. కొలంబియాకు కొన్ని, ఆర్‌కేఓకు కొన్ని, తర్వాత ఎక్కడ కథ బాగుంటే అక్కడ. మన భాషలో చెప్పాలంటే కాల్షీట్లు తన చేతిలోనే ఉంచుకున్నాడు. 1937లో 'ది ఆఫుల్ ట్రూత్' నుంచి 1959లో 'నార్త్ బై నార్త్‌వెస్ట్' దాకా చూడండి, ఇష్టం లేకుండా ఇరుక్కుని చేసినట్టు అనిపించే సినిమా అరుదు. 1966లో తనంతట తానే ఆపేశాడు.

కేథరిన్ హెప్బర్న్‌ది ఇంకో దారి. 1938లో థియేటర్ల యజమానుల సంఘం ఒకటి పత్రికా ప్రకటన వేసి మరీ కొందరు తారలను బాక్సాఫీసుకు విషమంది. ఆ జాబితాలో గ్రేటా గార్బో ఉంది, జోన్ క్రాఫోర్డ్ ఉంది, ఈవిడా ఉంది. ఆర్‌కేఓ కాంట్రాక్టును డబ్బు కట్టి తెంచుకుని, న్యూయార్క్ వెళ్లి 'ది ఫిలడెల్ఫియా స్టోరీ' నాటకం వేసింది. నాటకం ఆడింది. సినిమా హక్కులు కోటీశ్వరుడు హోవార్డ్ హ్యూస్ కొని ఆమెకిచ్చాడు. ఇక ఎంజీఎం స్టూడియోకు ఆ కథ కావాలంటే ఆమెను తీసుకోవాలి, పక్కన ఎవరుండాలో ఆమెను అడగాలి. 1940లో సినిమా వచ్చింది, ఆడింది, విషం కాస్తా అమృతమైంది. నటికి తిరస్కరించే హక్కు కన్నా కథ హక్కు ఇంకా పెద్ద ఆయుధమని అప్పుడే కనిపెట్టిందామె.

అదే సినిమాలో ఉన్న జేమ్స్ స్టివార్ట్ 1950లో 'వించెస్టర్ 73'కి జీతం బదులు లాభాల్లో వాటా తీసుకున్నాడు. ఏజెంటు లూ వాసర్‌మన్ కుదిర్చిన బేరం అది. ఇప్పుడు మన హీరోలు లాభాల్లో వాటా అడిగితే వార్తవుతుంది కదా, ఆ అలవాటు ఊపందుకున్నది అక్కడి నుంచే.

కాంట్రాక్టు మంచి కూడా చెప్పాలి. పాట, నడక, మాట, గుర్రపు స్వారీ అన్నీ స్టూడియో ఖర్చుతో నేర్పేవారు. ఏ ముఖానికి ఏ వెలుగు పడాలో తెలిసిన కెమెరామన్లు, దుస్తుల నిపుణులు అక్కడే ఉండేవారు. ఒక సినిమా పోయినా నాలుగు నెలల్లో ఇంకోటి వచ్చేది, కాబట్టి ఒక్క ఫ్లాపుతో ఎవరూ కొట్టుకుపోలేదు. లూసిల్ లెస్యూర్ అనే అమ్మాయిని జోన్ క్రాఫోర్డ్ చేసింది ఎంజీఎంయే. ఆ పేరు కూడా పత్రికలో పోటీ పెట్టి ఎంపిక చేశారు. పద్దెనిమిదేళ్లు అక్కడ పని చేసి 1943లో బయటికొచ్చి, వార్నర్‌లో 'మిల్డ్రెడ్ పియర్స్'తో ఆస్కార్ తీసుకుంది.

కానీ అదే ఎంజీఎంలో 1935లో పదమూడేళ్ల జూడీ గార్లండ్ చేరింది. పదమూడేళ్ల పిల్లకు "వద్దు" అనే హక్కు ఎక్కడిది? సంతకాలు పెద్దవాళ్లవి. తిండి మీద ఆంక్షలు, మెలకువగా ఉండడానికి ఒక మాత్ర, నిద్రకు ఒక మాత్ర. పెద్దయ్యాక ఆమే ఇవన్నీ చెప్పుకుంది. 1950లో పంపించేశారు. 1954లో 'ఎ స్టార్ ఈజ్ బార్న్' చూస్తే ఇంకా ఎంత మిగిలి ఉండేదో అర్థమవుతుంది. 1969లో లండన్‌లో చనిపోయింది, 47 ఏళ్లకే. ఆమె పాటలు నాకు ప్రాణం, ఆమె జీవిత చరిత్రలు మాత్రం సగంలో మూసేస్తాను.

ఇంకో రకం వాళ్లున్నారు. వాళ్లకు చట్టం కూడా అక్కరకు రాలేదు. ఆస్కార్ గెలిచిన మొదటి నల్లజాతి నటి హాటీ మెక్‌డానియల్‌ను 1940లో ఆ వేడుకలోనే తోటి నటుల నుంచి వేరుగా ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టారు. తర్వాతా పనిమనిషి వేషాలే. లాస్ ఏంజెల్స్‌లో పుట్టి పెరిగిన అన్నా మే వాంగ్‌కు చైనా రైతు భార్య వేషం దక్కలేదు, అది లూయీ రైనర్‌కు వెళ్లింది, దానికి ఆస్కారూ వచ్చింది. మన బొంబాయిలో పుట్టిన మెర్ల్ ఒబెరాన్ ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో పుట్టానని జీవితాంతం చెప్పుకోవాల్సి వచ్చింది. మైసూరు దగ్గర మావటి కొడుకు సాబు 'ఎలిఫెంట్ బాయ్'తో ప్రపంచానికి తెలిసి, తర్వాత యూనివర్సల్ కాంట్రాక్టులో 'అరేబియన్ నైట్స్' లాంటి రంగుల జానపదాలు చేశాడు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా విమానాల్లో తుపాకీ పట్టాడు, 39 ఏళ్లకే పోయాడు. తిరస్కరించడానికైనా ముందు ఎవరో ఒక మంచి వేషం ఇవ్వాలి కదా.

ఈ పద్ధతి ఎలా ముగిసిందంటే, 1948లో అమెరికా సుప్రీంకోర్టు పారమౌంట్ కేసులో పెద్ద స్టూడియోలు సినిమాలు తీయడం, సొంత థియేటర్లలో వేసుకోవడం రెండూ చేయకూడదన్నంత పని చేసింది. ఇంకోపక్క టీవీ వచ్చింది. సొంత థియేటర్లు నింపడానికి ఏడాదికి యాభై సినిమాలు తీయాల్సిన అవసరం పోయాక, వందల మందికి నెలనెలా జీతాలిచ్చి కూర్చోబెట్టడం ఎందుకని వాళ్లే వదిలించుకున్నారు. అంటే తారలకు స్వేచ్ఛ వచ్చినరోజే ఉద్యోగమూ పోయింది. 1962లో బెట్టీ డేవిస్ "పని కావాలి" అని సినిమా పత్రికల్లో ప్రకటన వేసింది. సగం వెక్కిరింతకే వేసినా, సగం నిజం.

ఎక్కడ మొదలుపెట్టాలని అడుగుతారేమో. 'నౌ, వోయేజర్' ఒకటి, 'ది హెయిరెస్' ఒకటి. రెండోదాన్ని 'రాబిన్ హుడ్' చూసిన వారంలోనే చూడండి, తేడా తెలుస్తుంది. బ్లాక్ అండ్ వైట్ అలవాటు లేనివాళ్లయితే 'నార్త్ బై నార్త్‌వెస్ట్'తో మొదలుపెట్టొచ్చు. 'ఆల్ అబౌట్ ఈవ్' మాత్రం చివరికి దాచుకోండి. వార్నర్ నుంచి బయటికొచ్చిన మరుసటి ఏడాది, నలభై దాటిన నటి వేషం, బెట్టీ డేవిస్ నలభై దాటి వేసింది.